అట్ట మీది నవ్వు – ఒంటిలోని జ్వరం

"నవ్వు నాలుగు విధాల చేటు" అని పెద్దలు ఏ సందర్భంలో అన్నారో గాని, ఆ మాటే నిజమైతే ప్రతి యేటా నవంబరు మొదటి ఆదివారంనాడు న్యూయార్కు వీధులలో జరిగే చేటుకు అంతు ఉండదు. ఆనాడు స్టాటన్ ఐలండ్ చెంత వెరజానో వంతెన దగ్గర మొదలై, నగరంలోని అయిదు విభాగాలనూ చుట్టి, సెంట్రల్ పార్కులో ముగిసే 42.195 కిలోమీటర్ల మారథాన్ దారి పొడుగునా జనం బారులు తీరి నిలబడతారు. వారి చేతులలో అట్టముక్కలు. ఆ అట్టల మీద రంగు కలాలతో రాసిన చమత్కారాలు. చెమటతో తడిసి, కాళ్ళీడ్చుకుంటూ వచ్చే రన్నరు వాటిని చదివి ఫక్కున నవ్వి, మరో నాలుగడుగులు చురుకుగా వేస్తాడు.

ఈ పరుగు 1970లో ఆరంభమైనపుడు సెంట్రల్ పార్కు చుట్టూ తిరిగే చిన్న పందెం మాత్రమే. బయలుదేరినవారు 127 మంది, గమ్యం చేరినవారు 55 మంది. 1976లో అది పార్కు దాటి నగరమంతటికీ విస్తరించింది. 2024లో 55 వేల మందికి పైగా గమ్యం చేరారు. వీరిలో బహుమతి కోసం పరుగెత్తేవారు వేళ్ళమీద లెక్కింపదగినంత మంది. మిగిలినవారంతా తెల్లవారుజామున లేచి, కొలువుకు వెళ్ళేలోపు నాలుగు మైళ్ళు పరుగెత్తి వచ్చే సామాన్యులు. ఈ సామాన్యులలో తెలుగువారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు. తెలుగు సంఘాల మహాసభలలో 5 కిలోమీటర్ల నడక, పరుగు కార్యక్రమాలు చోటుచేసుకోవడమూ, ధర్మకార్యాలకు నిధులు కూర్చేందుకు మారథాన్ పరుగెత్తడమూ వింతలుగా ఉండే కాలం గడిచిపోయింది.

ఇప్పుడు న్యూజెర్సీలో ఒక తెలుగు ఇంటిని ఊహించుకోవచ్చు. ఇంటి యజమాని 16 వారాలుగా శిక్షణ పొందాడు. రుసుము కట్టాడు. స్నేహితులందరికీ చెప్పాడు. రేపే పందెం. పిల్లలిద్దరూ నేలమీద బోర్లా పడుకుని పెద్ద అట్టమీద "నాన్నా, ఆగితే పులిహోర లేదు!" అని రాసి, చుట్టూ పూలు వేశారు. సాయంత్రానికి ఆయనకు ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. థర్మామీటరు 101 డిగ్రీల ఫారన్‌హీట్ చూపుతున్నది. "రెండు మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుంది, వీధులనిండా జనం ఉంటారు, వారి ఉత్సాహమే నడిపిస్తుంది" అని ఆయన వాదన. వాదనలోని రెండవ భాగం చాలావరకు నిజం. ప్రమాదమంతా అక్కడే ఉన్నది. ప్రేక్షకుల చమత్కారం మనిషిని ఎలా నడిపిస్తుందో, జ్వరం మనిషిని ఎందుకు ఆపుతుందో తెలుసుకుంటే ఈ రెండింటిలో దేని మాట వినాలో తేలిపోతుంది.

చమత్కారాల తీరుతెన్నులు

పరుగు పందేలలో కనిపించే ప్లకార్డులను కొన్ని జాతులుగా విడదీయవచ్చు. మొదటిది వెక్కిరింపు జాతి. "ఇంత అధ్వాన్నమైన ఊరేగింపు ఎన్నడూ చూడలేదు" అని ఒకరు, "దీనికి డబ్బు కూడా కట్టారా?" అని మరొకరు, "గెలిచినవారు ఈపాటికి స్నానం చేసి నిద్రపోతున్నారు" అని ఇంకొకరు రాస్తారు. రెండవది ఆత్మీయత జాతి. "ఓ అపరిచితుడా, నిన్ను చూస్తే గర్వంగా ఉంది" అన్న మాట ఇందులో ప్రసిద్ధం. ముక్కూముఖం తెలియనివారు తనకోసం చలిలో నిలబడ్డారన్న భావన అలసిన మనసుకు చల్లగా తగులుతుంది. మూడవది చూసేవారి కష్టాన్ని చాటే జాతి. "ఈ అట్ట పట్టుకుని చేతులు పడిపోతున్నాయి, కాస్త త్వరగా రండి" అన్నది మచ్చుకు ఒకటి. నాలుగవది పిల్లల జాతి. వీడియో ఆటలలో కనిపించే పుట్టగొడుగు బొమ్మ గీసి, "శక్తి కావాలంటే ఇక్కడ తట్టండి" అని రాస్తారు. నడివయసు పెద్దమనుషులు సైతం దారి తప్పి వచ్చి ఆ బొమ్మను తట్టి మరీ వెళతారు.

ప్లకార్డు పట్టుకునే చోటు కూడా ముఖ్యమే. న్యూయార్కులో 15వ మైలు దాటిన తరువాత వచ్చే క్వీన్స్‌బరో వంతెన మీద ప్రేక్షకులు ఉండరు. వేలమంది పాదాల చప్పుడు, ఆయాసం తప్ప మరేమీ వినిపించదు. వంతెన దిగి ఫస్ట్ అవెన్యూలోకి మలుపు తిరగగానే జనఘోష ఒక్కసారిగా మీదపడుతుంది. బోస్టన్ మారథాన్‌లో సుమారు సగం దూరాన వెల్లెస్లీ మహిళా కళాశాల విద్యార్థినుల కేకలు చాలా దూరం నుంచే వినబడతాయి. 1897లో మొదలైన ఆ పందెంలో ఈ కేకలు కూడా ఒక సంప్రదాయమైపోయాయి.

అనుభవజ్ఞులైన రన్నర్లకు కిట్టని మాట ఒకటున్నది. 20వ మైలు దగ్గర నిలబడి "అయిపోవచ్చింది, దగ్గరకు వచ్చేశారు" అనడం. అప్పటికి ఇంకా 10 కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. శరీరంలో నిలవ ఉన్న పిండిపదార్థాలు చాలామందికి అడుగంటేది కూడా ఆ ప్రాంతంలోనే. అబద్ధపు ఓదార్పుకన్న నిజాయితీగల వెక్కిరింపే అక్కడ మేలు చేస్తుంది.

నవ్వు చేసే పని

తోటివారి సమక్షం మనిషి శ్రమను మారుస్తుందన్న విషయం మీద శాస్త్రీయ పరిశీలన 19వ శతాబ్దం చివరలోనే మొదలైంది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో నార్మన్ ట్రిప్లెట్ 1898లో ఒక పరిశోధన ప్రచురించాడు. సైకిలు పందేల లెక్కలు చూడగా, ఒంటరిగా తొక్కినవారికన్న తోడుతోనో పోటీలోనో తొక్కినవారు వేగంగా వెళ్ళారని ఆయన గమనించాడు. తరువాత పిల్లల చేత దారపు చక్రాలు తిప్పించి ఆ విషయాన్ని పరీక్షించాడు. ఇతరుల సమక్షం మనిషి పనిమీద చూపే ప్రభావాన్ని గురించి తరువాతి కాలంలో జరిగిన అధ్యయనాలకు ఇది తొలిమెట్టుగా చెబుతారు.

మనిషి ఎప్పుడు ఆగిపోతాడు? కండరాలు పూర్తిగా అలసిపోయినప్పుడని సాధారణంగా అనుకుంటారు. సమూయెలె మార్కోరా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు దీనికి భిన్నమైన వివరణ ఇచ్చాడు. ఆయన అభిప్రాయంలో మనిషిని ఆపేది శ్రమ కాదు, శ్రమ ఎంత ఉన్నదన్న భావన. ఆ భావన భరించగలిగిన హద్దును దాటినపుడు, లేదా ఇంత కష్టానికి ఇది తగదని మనసు తీర్పు చెప్పినపుడు మనిషి ఆగుతాడు. ఈ భావనను పెంచినా తగ్గించినా ఓర్పు మారుతుందన్నమాట.

2014లో మార్కోరా సహచరులతో కలిసి ప్రచురించిన ఒక ప్రయోగంలో 13 మంది వ్యాయామ సైకిలు తొక్కారు. తొక్కుతున్నంతసేపూ ఎదుట తెరమీద మనిషి ముఖాలు మెరిసి మాయమయ్యేవి. ఒక్కొక్క ముఖం కనిపించేది సెకనులో సుమారు 60వ వంతు కాలం మాత్రమే. చూశామన్న స్పృహ కూడా కలగదు. అయినా, నవ్వు ముఖాలు చూపినపుడు వారు విచార వదనాలు చూపినప్పటికన్న సుమారు 12 శాతం ఎక్కువసేపు తొక్కగలిగారు.

ఉత్తర ఐర్లండులోని అల్‌స్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన నోయెల్ బ్రిక్, ఆయన సహచరులు 2018లో 24 మంది రన్నర్ల మీద జరిపిన ప్రయోగాన్ని ప్రకటించారు. నవ్వుతూ పరుగెత్తినపుడు, ముఖం చిట్లించి పరుగెత్తినప్పటికన్న అదే వేగానికి ప్రాణవాయువు దాదాపు 2.8 శాతం తక్కువ ఖర్చయిందని తేలింది. ముఖం సడలితే మిగతా శరీరమూ కొంత సడలుతుందని వారి ఊహ.

ఈ ప్రయోగాలు చిన్నవి. వీధిలోని ప్లకార్డులను నేరుగా పరీక్షించినవి కావు. వాటి మీద పెద్ద సౌధాలు కట్టరాదు. అయినా అవి చూపే దిక్కు ఒకటే. నవ్వు కండరాలకు కొత్త బలం ఇవ్వదు. గుండెకు కొత్త రక్తం తేదు. ఉన్న శ్రమను తక్కువగా తోపింపజేస్తుంది. ఆరోగ్యవంతునికి ఇది వరమే. కాని శ్రమభావన తగ్గినంత మాత్రాన శరీరంలోని వేడి తగ్గదు.

చూపు లోపలికా, బయటికా?

1977లో విలియం మోర్గన్, మైకేల్ పొల్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మారథాన్ రన్నర్లను "పరుగెత్తేటపుడు ఏమి ఆలోచిస్తారు?" అని ప్రశ్నించారు. సామాన్య రన్నర్లు మనసును శ్రమ నుంచి మళ్ళించుకుంటారని తేలింది. ఒకరు పాటలు తలచుకుంటారు, మరొకరు మనసులో ఇల్లు కట్టుకుంటారు. అగ్రశ్రేణి రన్నర్లు ఇందుకు భిన్నంగా మనసును శరీరం మీదనే నిలుపుతారు. శ్వాస ఎలా ఉంది, పిక్కలు పట్టేస్తున్నాయా, వేగం ఎక్కువైందా అని క్షణక్షణం విచారించుకుంటారు. ఈ రెండు పద్ధతుల నడుమ గీత అంత స్పష్టంగా ఉండదనీ, ఎంతటివారైనా అవసరాన్ని బట్టి రెండూ వాడుకుంటారనీ తరువాతి పరిశోధనలు చెప్పాయి.

ప్లకార్డు చూపును బయటికి లాగుతుంది. అది దాని ధర్మం. కనుకనే దానిని చదివేవాని శరీరం లోపల సవ్యంగా ఉండాలి. లోపల నిప్పు రాజుకుంటున్నవాని చూపును బయటికి మళ్ళిస్తే, పొగను పసిగట్టవలసిన ముక్కును మూసినట్టవుతుంది.

మెడకు పైన, మెడకు కింద

జలుబు చేసిన రన్నర్లకు వైద్యులు చెప్పే సులభసూత్రం ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. అమెరికా వైద్యుడు రాండీ ఐక్నర్ 1990ల ఆరంభంలో దీనికి ప్రాచుర్యం కలిగించాడు. లక్షణాలన్నీ మెడకు పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర వంటివే అయితే, పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి చూడవచ్చు. తల తేలికపడితే కొనసాగించవచ్చు, దిమ్ముగా ఉంటే ఇంటికి మళ్ళాలి. లక్షణాలు మెడకు కింద ఉంటే, అంటే ఛాతీలో కఫం, ఆయాసం, ఒళ్ళు నొప్పులు, వాంతులు, విరేచనాలు వంటివైతే పరుగు మానాలి. జ్వరం ఉంటే మెడతో పని లేదు, పడకే గతి.

ఇందులో మొదటి సగానికి ప్రయోగబలం కొంత ఉన్నది. ఇండియానాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ వైడ్నర్ బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో 50 మంది యువతీయువకులకు ముక్కు ద్వారా మామూలు జలుబు వైరస్ ఎక్కించారు. వారిలో కొందరు రోజు విడిచి రోజు 40 నిమిషాలు మధ్యస్థంగా వ్యాయామం చేశారు, కొందరు చేయలేదు. పది రోజులు గడిచాక చూస్తే జలుబు తీవ్రతలోగాని, అది ఉన్న కాలంలోగాని ఇరువర్గాలకూ చెప్పుకోదగిన తేడా లేదు. "మందు వేసుకుంటే ఏడు రోజులు, వేసుకోకుంటే వారం" అని జలుబు గురించి చెప్పుకునే చతురోక్తి వ్యాయామానికీ వర్తించిందన్నమాట. అయితే ఇది తేలికపాటి జలుబుకు, మధ్యస్థపు వ్యాయామానికి, ఆరోగ్యవంతులైన యువకులకు సంబంధించిన మాట. జ్వరానికీ, నాలుగు గంటల మారథాన్‌కూ దీనిని వర్తింపజేయరాదు.

పందెమే జబ్బు తెస్తుందా అన్నది మరొక ప్రశ్న. 1987 లాస్ ఏంజిలస్ మారథాన్‌లో పాల్గొన్నవారిని డేవిడ్ నీమన్ బృందం పరిశీలించింది. పరుగెత్తినవారిలో 12.9 శాతం మందికి తరువాతి వారంలో జలుబు వంటి జబ్బు చేసింది. సాధన ఉండీ పందెంలో పాల్గొననివారిలో అది 2.2 శాతమే. దీర్ఘశ్రమ తరువాత కొన్ని గంటలపాటు రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుందన్న వాదం దీనివల్ల బలపడింది. 2018లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ వాదాన్ని పునర్విచారించారు. పరుగు తరువాత రక్తంలో తగ్గే రక్షక కణాలు నశించడం లేదనీ, అవసరమున్న అవయవాలకు తరలిపోతున్నాయనీ వారి వివరణ. ఈ వివాదం ఎలా తేలినా, వేలమంది ఒకచోట చేరి, బస్సులలో ఒకరినొకరు ఒరుసుకుంటూ ప్రయాణించి, చలిలో గంటలకొద్దీ వేచి ఉండేచోట జలుబు పంచుకోవడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఉంటాయి. కనుక ముక్కు కారుతున్నవాడు తనకు ప్రమాదం లేకపోయినా, పక్కవాని సంగతి ఆలోచించాలి. ప్లకార్డు పట్టుకుని నిలబడిన తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చిన వృద్ధులైతే మరింతగా ఆలోచించాలి.

జ్వరంలో పరుగు: లెక్క చూస్తే

జ్వరం వ్యాధి కాదు, వ్యాధితో శరీరం చేసే యుద్ధానికి గుర్తు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం శరీరపు ఉష్ణోగ్రతను 98.6 డిగ్రీల సమీపాన నిలుపుతూ ఉంటుంది. రోగక్రిములు ప్రవేశించినపుడు రక్షణ వ్యవస్థ విడుదల చేసే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్ల ద్వారా ఆ స్థాయిని పైకి జరుపుతాయి. ఇక శరీరం ఆ పై స్థాయినే సహజమని భావించి, వేడిని బయటికి పోనీయక దాచుకుంటుంది. చలి, వణుకు అందువల్లనే.

ఇప్పుడు పరుగు వైపు లెక్క చూడవచ్చు. మనిషి కిలోమీటరు దూరం పరుగెత్తడానికి ప్రతి కిలో బరువుకూ ఇంచుమించు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి గంటకు 9 కిలోమీటర్ల వేగంతో వెళితే గంటకు 630 కిలోకేలరీలు. ఇందులో సుమారు మూడు వంతులు కదలికగా మారక, వేడిగానే మిగులుతుంది. అంటే గంటకు 470 కిలోకేలరీల వేడి. ఈ వేడి ఏ మార్గానా బయటికి పోకపోతే, ప్రతి ఏడెనిమిది నిమిషాలకూ శరీరపు ఉష్ణోగ్రత ఒక సెల్సియస్ డిగ్రీ చొప్పున పెరుగుతుంది. అలా జరగకుండా కాపాడేది ప్రధానంగా చెమట. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి 580 కిలోకేలరీలు కావాలి. కాబట్టి గంటకు సుమారు 800 మిల్లీలీటర్ల చెమట ఒంటిమీదనే ఆరిపోతే లెక్క సరిపోతుంది.

ఆరోగ్యవంతుడు 98.6 డిగ్రీల దగ్గర మొదలుపెడతాడు. వడదెబ్బ ప్రమాదపు గీత 104 డిగ్రీలు. నడుమ 5.4 డిగ్రీల వెసులుబాటు ఉన్నది. 101 డిగ్రీల జ్వరంతో బయలుదేరినవానికి మిగిలింది 3 డిగ్రీలు మాత్రమే. పైగా అతని శరీరం వేడిని వదలడానికి సుముఖంగా లేదు. జ్వరం ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి ఇంచుమించు 10 సార్లు అదనంగా కొట్టుకుంటుంది. చర్మానికి రక్తం పంపాలి, కండరాలకు పంపాలి, రోగంతో పోరాడే అవయవాలకూ పంపాలి. ఒక్క గుండె ముగ్గురు యజమానుల కొలువు చేయవలసి వస్తుంది.

మాత్ర వేసుకుంటే సరిపోదా? పారసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుని థర్మామీటరులోని అంకెను దించుతాయి. వైరస్‌ను చంపవు. మంట ఆర్పకుండా గంట మోగకుండా చేసినట్టే. పైగా దీర్ఘపు పరుగులో మూత్రపిండాలకు రక్తప్రసారం సహజంగానే తగ్గుతుంది. ఐబుప్రోఫెన్ ఆ లోటును పెంచగలదు. జలుబుకు వాడే పాతరకం మందులు కొన్ని చెమటను తగ్గిస్తాయి. ముక్కు దిబ్బడ తగ్గించే మాత్రలు కొన్ని గుండె వేగాన్ని పెంచుతాయి. వీటిలో ఏదీ మారథాన్‌కు తగిన తోడు కాదు.

గుండెకు సోకితే

అన్నిటికన్న భయపడవలసింది మయోకార్డైటిస్ అనే గుండె కండరపు వాపు. మామూలు జ్వరం, దగ్గు తెచ్చే వైరస్‌లలో కొన్ని అరుదుగా గుండె కండరంలోకి చేరతాయి. కాక్సాకీ వైరస్ సోకిన ఎలుకల చేత బలవంతంగా ఈత కొట్టించినపుడు వాటి గుండెలలో వైరస్ విపరీతంగా పెరిగిందనీ, కండరం మరింత దెబ్బతిన్నదనీ 1970ల నాటి ప్రయోగాలు చూపాయి. ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా అన్వయించలేకపోయినా, వాటిని తోసివేయలేని సంఘటనలు స్వీడన్‌లో జరిగాయి.

దిక్సూచి, పటం చేతబట్టి అడవులలో దారి వెతుక్కుంటూ పరుగెత్తే ఓరియెంటీరింగ్ అనే క్రీడ స్వీడన్‌లో బహుళ ప్రచారంలో ఉన్నది. 1979, 1992 సంవత్సరాల మధ్య ఆ దేశంలో 16 మంది యువ ఓరియెంటీరింగ్ క్రీడాకారులు ఆకస్మికంగా మరణించారు. వారిలో పలువురి గుండె కండరాలలో వాపు కనిపించింది. కారణమైన సూక్ష్మజీవి ఏదన్న చర్చ అలా సాగుతుండగానే, క్రీడాధికారులు కొంతకాలం పోటీలు నిలిపి, జబ్బుగా ఉన్నపుడు సాధన చేయవద్దని గట్టిగా ప్రచారం చేశారు. ఆ తరువాత మరణాల వరుస ఆగింది. మయోకార్డైటిస్ వచ్చినవారు 3 నుంచి 6 నెలలు పోటీలకు దూరంగా ఉండాలన్నది వైద్యలోకంలో చాలాకాలంగా ఉన్న సలహా. కోవిడ్ తరువాత గుండెదడ, ఛాతీనొప్పి, మితిమీరిన ఆయాసం ఉన్నవారు వైద్యపరీక్ష లేకుండా పరుగు మొదలుపెట్టరాదని చెప్పడం కూడా ఈ భయంతోనే.

ఇది చదివి పరుగంటేనే బెదరనక్కరలేదు. 2000 నుంచి 2010 వరకు అమెరికాలో మారథాన్, అర్ధ మారథాన్ పరుగెత్తిన సుమారు 1 కోటి 9 లక్షల మందిలో గుండె ఆగినవారు 59 మంది. అంటే 1,84,000 మందికి ఒకరు. వారిలో 42 మంది మరణించారు. 2010 నుంచి 2023 వరకు జరిపిన అటువంటి లెక్కలో సుమారు 2 కోట్ల 93 లక్షల మందిలో 176 మందికి గుండె ఆగింది. గుండె ఆగే రేటు పెద్దగా మారలేదు. కాని అలా పడిపోయినవారిలో మరణించినవారి నిష్పత్తి 71 శాతం నుంచి 34 శాతానికి దిగింది. పక్కనున్నవారు వెంటనే ఛాతీని అదిమి ఊపిరి నిలపడం, విద్యుత్ఘాతంతో గుండెను తిరిగి నడిపించే యంత్రాలు దారిపొడుగునా అందుబాటులో ఉంచడం ఇందుకు ముఖ్య కారణాలు. ప్రేక్షకులు ప్లకార్డులు పట్టుకోవడమే కాక ప్రాణాలు కూడా నిలపగలరన్నమాట.

హైదరాబాదు ఆగస్టు

స్వదేశంలోనూ ఇప్పుడు ఈ పందేలు విరివిగా జరుగుతున్నాయి. హైదరాబాదు మారథాన్ జరిగేది ఆగస్టులో. గాలిలో తేమ నిండిన వర్షాకాలంలో చెమట ఒంటిమీద ఆరక, నేలమీదికి కారిపోతుంది. కారిన చెమట శరీరాన్ని చల్లబరచదు. పైన వేసిన లెక్క అక్కడ తలకిందులవుతుంది. విషజ్వరాలు, డెంగీ ప్రబలేది కూడా ఆ కాలంలోనే. డెంగీ అనుమానం ఉన్నపుడు ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటి మందులు రక్తస్రావాన్ని హెచ్చించే ప్రమాదం ఉన్నది గనుక వైద్యులు వాటిని వద్దంటారు. వేసవి సెలవులలో స్వస్థలానికి వెళ్ళి, ఆ ఉత్సాహంలో పందేనికి పేరిచ్చే ప్రవాసులు ఈ రెండు విషయాలూ గుర్తుంచుకోవాలి.

నిర్ణయం ఇంట్లోనే జరగాలి

పందెం మధ్యలో ఆగడం ఎంత కష్టమో, మొదలుపెట్టకుండా ఉండడం అంతకన్న కష్టం. 16 వారాల శ్రమ, కట్టిన రుసుము, చందా ఇచ్చినవారి ముఖాలు కళ్ళముందు కదలాడుతాయి. కాని ఖర్చయిన శ్రమ పరుగెత్తినంత మాత్రాన తిరిగి రాదు, పరుగెత్తనంత మాత్రాన పోదు. పది రోజుల విశ్రాంతిలో ఓర్పుశక్తి తగ్గేది స్వల్పమే. ముందుగా తెలియజేస్తే మరుసటి యేటికి అవకాశం ఇచ్చే పందేలు కూడా ఉన్నాయి. 2012లో బోస్టన్‌లో తీవ్రమైన ఎండ కాయనున్నదని తెలిసి, పందెం నిర్వాహకులే రన్నర్లకు వాయిదా వేసుకునే వీలు కల్పించారు. తగ్గడం తెలియడం కూడా నిర్వహణలో భాగమేనని వారు చూపారు.

కనుక నిర్ణయం జనఘోష వినిపించని చోట, ముందునాటి రాత్రి థర్మామీటరు ముందు జరగాలి. మందు వేసుకోకుండా జ్వరం పూర్తిగా తగ్గి కనీసం ఒక రోజు గడిచాకనే నడక, తరువాత నెమ్మదిగా కొద్దిపాటి పరుగు, ఆ తరువాతే పూర్వపు దూరాలు. తీరా పందెంలో దిగాక ఛాతీనొప్పి, తల తిరగడం, ఎండలో వణుకు, చూపు మసకబారడం కనిపిస్తే ఆగి, వైద్యశిబిరానికి వెళ్ళాలి.

ప్రేక్షకులకూ ఇందులో ఒక బాధ్యత ఉన్నది. తడబడే నడక, తికమక మాటలు, తానెక్కడున్నదీ తెలియని చూపు వడదెబ్బకు గుర్తులు. అటువంటివానిని చూసి "ఇంకొంచెమే, ఆగవద్దు" అని కేకవేయడం ఉపకారం కాదు. వెంటనే సిబ్బందిని పిలవాలి. మసాచుసెట్స్‌లోని ఫాల్మత్‌లో ఆగస్టు ఎండలో జరిగే 7 మైళ్ళ పందెంలో, 18 పోటీలలో కలిపి 274 మందికి వడదెబ్బ తగిలింది. వారిని తక్షణమే మంచునీటి తొట్టెలలో ముంచి చల్లబరచడం వల్ల ఒక్కరూ మరణించలేదు. ముందు చల్లబరచి, ఆ తరువాతనే ఆసుపత్రికి తరలించాలన్నది అక్కడి అనుభవం నేర్పిన పాఠం.

మళ్ళీ న్యూజెర్సీలోని ఆ ఇంటికి వస్తే, శనివారం రాత్రి ఆ గృహస్థు ముందు రెండు సలహాలు ఉన్నాయి. ఒకటి పిల్లలు ప్రేమతో రాసిన అట్ట చెప్పేది, మరొకటి థర్మామీటరు చెప్పేది. మొదటిది ఆరోగ్యంగా ఉన్న నాన్నను ఉద్దేశించి రాసినది, అతనికి అది నూటికి నూరుపాళ్ళు మందు. రెండవది ఈ రాత్రి పడకమీద ఉన్న నాన్నను ఉద్దేశించినది. "బతికి ఉంటే బలుసాకు తిని బతకవచ్చు" అన్న తెలుగువారికి ఈ రెండింటిలో దేనిని ఎంచుకోవాలో వేరుగా చెప్పనక్కరలేదు. అట్టను మడవకుండా అలమర వెనుక దాచితే వచ్చే నవంబరుకు పనికివస్తుంది. ఈ యేటికి మాత్రం పులిహోరకు బదులు మిరియాల చారు. ఆదివారం ఉదయం తండ్రి ఒళ్ళు చల్లబడి ఉంటే, పిల్లలు తమ అట్టను వీధిలోకి పట్టుకుపోయి, పరుగెత్తే మరెవరి నాన్ననైనా నవ్వించవచ్చు.